వణికే వేళ్లకో నడుం బ్యాగు

జిప్పుల మాస్టారును కందిరీగ కుట్టలేదు. కుట్టింది ఆయన భార్యను. అయినా ఆ రోజు నుంచి ఎక్కడ ‘జుయ్’మన్నా ఎగిరిపడేది మాస్టారే. ఫ్రిజ్ మోటారు మొదలైతే చేతిలో కప్పు తొణికేది. పక్కవాటాలో గడ్డం గీసే మిషన్ ఆన్ అయితే ఆయన గోడకు అతుక్కుపోయి, అది ఆగేదాకా ఊపిరి బిగపట్టేవాడు. పక్కవాటాయన తీరిగ్గా గీసుకునే మనిషి కావడంతో మాస్టారు ఒకటి రెండుసార్లు నీలంగా మారిపోయాడని కూడా చెప్పుకుంటారు.

ఆయన పని జిప్పులు బాగుచెయ్యడం. ఒక పాత ఆఫీసు భవనంలో, మెట్ల కింద, నిలబడితే తల వంచాల్సినంత చోటులో ముప్పై ఎనిమిదేళ్లుగా అదే పని. సూట్‌కేసులు, చలికోట్లు, గుడారాలు, ఒకసారి ఒక సర్కస్ ఏనుగు కప్పుకునే దుప్పటి. జిప్పును రెండు వేళ్లతో ఒకసారి ఇటు నుంచి అటు నడిపించి, ఆ చప్పుడు విని, ఎన్నో పన్ను అరిగిందో చెప్పేస్తాడు. మొండికేసిన సూట్‌కేసులు మాస్టారు వస్తున్న అలికిడికే వాటంతట అవి తెరుచుకుంటాయని ట్యాక్సీ డ్రైవర్లు అంటారు. అది అబద్ధం. ఆయన ముట్టుకున్నాకే తెరుచుకుంటాయి.

డ్రైవర్లతో పరిచయం భార్య వల్ల. ఆవిడ ట్యాక్సీ కంపెనీ కంట్రోల్ రూములో ఆపరేటరు. నలభై బండ్లు ఆవిడ గొంతు మీద నడుస్తాయి. అందరికీ ఆవిడ కంట్రోలక్క, ఆ లెక్కన మాస్టారు అందరికీ బావ.

కిందటేడు డాబా మీద బట్టలు తీస్తుంటే చొక్కా చేతిలో దాగిన కందిరీగ ఆవిడను మెడ మీద కుట్టింది. ‘మంటగా ఉంది’ అంటూ మెట్లు దిగింది. సోఫాలో కూర్చునేసరికి పెదవులు వాచాయి. ‘నాలుక లావెక్కుతోంది’ అంది. ఆ తరువాత ఏమీ అనలేదు. నలభై బండ్లను నడిపే గొంతు సన్నటి ఈల అయిపోయింది. అంబులెన్సు పదకొండు నిమిషాలకు వచ్చింది. ఆ పదకొండు నిమిషాల్లో తను ఏం చేశాడో మాస్టారుకు ఇప్పటికీ గుర్తు లేదు. ఆ ఈల మాత్రం గుర్తుంది.

ఆవిడ బతికింది. డాక్టరు తొడకు ఆనించి నొక్కితే మందు ఎక్కే రెండు ఇంజెక్షన్ పెన్నులు ఇచ్చి, మాస్టారు వైపు చూస్తూ చెప్పాడు: “మళ్లీ కుడితే ఇంతకంటే త్వరగా ముదరొచ్చు. ఈ రెండూ ఎప్పుడూ ఆవిడ ఒంటి మీదే ఉండాలి. బీరువాలో కాదు, బండిలో కాదు.”

ఏడాది పాటు అవి ఆవిడ చేతిసంచిలో క్షేమంగా ఉన్నాయి. ఇంతలో కంపెనీ వాళ్లు రెండు రోజుల కొండ నడక పెట్టారు.

“నేనూ పేరిచ్చాను,” అంది భార్య, టీ కప్పు కడుగుతూ.

“కొండ మీద పూలుంటాయి,” అన్నాడు మాస్టారు.

“ఉంటాయి. అందుకే వెళ్తారు.”

“పూలుంటే అవి కూడా ఉంటాయి.”

“ఏవి?”

మాస్టారు ఆ పేరు ఎత్తడు. ఎత్తితే వినపడి వస్తాయేమోనని ఆయనకు అనుమానం. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పి చూపించాడు.

“చూడండి,” అందావిడ కప్పు బోర్లించి. “ఇరవై ఆరేళ్లుగా జనాన్ని ఎక్కడెక్కడికో పంపిస్తూనే ఉన్నాను. నేను మాత్రం ఆ గదిలోనే కూర్చున్నాను. మొదటిసారి నాకు రెండు రోజులు సెలవు ఇచ్చారు. వెళ్తాను. మీరూ రండి. భయపడేదేదో నా పక్కనే నడుస్తూ భయపడండి. ఇంట్లో కూర్చుని భయపడితే గంటకు ఇరవై ఫోన్లు చేస్తారు, నా చార్జింగు దండగ.”

డాక్టరును అడిగితే ఆయన ఆవిడ వైపే మాట్లాడాడు. మందు చేతికి అందేలా ఉండి, తోడు మనుషులుంటే వెళ్లొచ్చన్నాడు. చేతిసంచి కొండకు పనికిరాదు. వీపు సంచిలో పెడితే దించి వెతకాలి. ఇక మిగిలింది నడుం బ్యాగు. ఆ సంగతి తేలాక మాస్టారుకు కొంచెం ప్రాణం లేచివచ్చింది. కందిరీగల మీద ఆయన చెయ్యగలిగిందేమీ లేదు. సంచి మాత్రం ఆయన రాజ్యం.

దుకాణంలో సేల్స్‌మన్ యాభై దాటిన మనిషి, కళ్లద్దాలు తాడుకు వేలాడేసుకున్నాడు. ముందు పెద్ద సంచి ఒకటి తీశాడు. రెండు పక్కలా నీళ్ల సీసాలు, వెనక వానకోటు పెట్టే చోటు.

“రెండు ఇంజెక్షన్ పెన్నులు పట్టాలి,” అన్నాడు మాస్టారు.

“ఇందులో ఇరవై పడతాయండీ.”

“ఇరవై పట్టే చోట రెండు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. తరవాతది.”

తరవాతది పరిగెత్తేవాళ్లు కట్టుకునే సన్నటి బెల్టు. పెన్నులు పెడితే పొట్టలో గుచ్చుకుంటున్నాయని భార్య తీసేసింది. ఇంకొకదానికి లోపల అస్తరు లేదు, ఎండకు మందు ఉడికిపోతుందని మాస్టారు తీసేశాడు. మరొకదానికి జిప్పే లేదు, పైన మూత, మూతకు అంటుకునే పట్టీ. మాస్టారు అందులో తన కళ్లద్దాల పెట్టె వేసి, తలకిందులు చేసి, దులిపాడు. మూడో దులుపుకు పెట్టె నేల మీద పడింది.

“అంతలా ఎగురుతారా మేడమ్?” అన్నాడు సేల్స్‌మన్ భయభక్తులతో.

“ఎగరను,” అంది భార్య.

“పడితే?” అన్నాడు మాస్టారు.

“నేను పడ్డప్పుడు మందు కూడా పడనివ్వండి. తోడుంటుంది.”

మాస్టారు నవ్వలేదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్లంతా ఒకే పాట పాడారు. జిప్పు ఊడింది, దారిలో ఏదో పడిపోయింది. పాసుపోర్టు, ఉంగరం, ఒకాయనకైతే కట్టుడు పళ్లు. ఆయన పీడకలల్లో సంచులు ఎప్పుడూ వాటంతట అవే తెరుచుకుంటాయి.

ఆఖరికి ఒక బూడిదరంగు సంచి ఆయన కంటికి ఆనింది. మెత్తటి బెల్టు, అస్తరు వేసిన పొడవాటి అర, సన్న పళ్ల జిప్పు. పళ్ల మీద ఇటూ అటూ జారే దాని రన్నరుకు తాళం ఉంది. పట్టుకుని లాగే నాలికను పడుకోబెడితే రన్నరు బిగుసుకుంటుంది, పైకి ఎత్తి లాగితేనే కదులుతుంది. మాస్టారు కళ్లు మూసుకుని తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. జిప్పు ఆయన వేళ్ల కింద పెంపుడు పిల్లిలా గుర్రుమంది. ఎడం చేత్తో చూశాడు. వెన్ను వెనక పెట్టుకుని చూశాడు. ప్రతిసారీ ఒక్క క్షణం.

“నన్నొకసారి తియ్యనివ్వండి,” అంది భార్య. మొదటిసారి రన్నరు కదలలేదు. రెండోసారి వచ్చింది. “బాగానే ఉందిలెండి. నాకు డ్యూటీ టైమైంది.”

ఇంటికి వచ్చాక కూడా మాస్టారు మనసు నిలవలేదు. రన్నరు తాళం అరిగితే? కొమ్మకు తగులుకుంటే? మర్నాడు తన కొట్లో కూర్చుని, జిప్పు చివర ఒక ఉక్కు రింగు కుట్టి, నాలికకు నొక్కితేనే తెరుచుకునే చిన్న స్ప్రింగు కొక్కెం బిగించి, ఆ రింగుకు ఈ కొక్కెం తగిలించాడు. ఇక కొండ దొర్లినా సంచి తెరుచుకోదు. ఆ పూట ఆయన కడుపునిండా అన్నం తిన్నాడు.

బయలుదేరే రోజు వ్యానులో కంపెనీ నైట్ డ్రైవరు ఆ కొక్కెం చూశాడు. తలుపులో పట్టడానికి పక్కకు తిరగాల్సిన భారీ మనిషి. “ఏం బావా, తాళం కప్ప కూడా వెయ్యకపోయావా? తాళంచెవి నువ్వు మింగేస్తే సరిపోయేది.”

“నీ నోటికి వేస్తాను, ఉండు,” అన్నాడు మాస్టారు. కానీ ఆ మాటలో పస లేదు.

మొత్తం పదకొండు మంది. ముందు కంపెనీ క్యాషియరమ్మ. చేతిలో పేర్ల కాగితం, చెవి మీద పెన్ను. ఆగిన ప్రతిచోటా అందరినీ లెక్కపెట్టి టిక్కులు పెట్టేది. మాస్టారు భార్య వెనకాలే, రెండడుగుల దూరంలో, నీడలా నడిచాడు. ఆయనకు కొండ కనపడలేదు. ఆవిడ మెడ కనపడింది. ఆ మెడ మీద వాలగల సమస్త ప్రాణులూ కనపడ్డాయి. ఒక సీతాకోకచిలుకను టోపీతో కొట్టబోయి క్యాషియరమ్మతో చీవాట్లు తిన్నాడు.

మధ్యాహ్నానికి ఒక మలుపు దగ్గర ఆగారు. లోయ అంతా కింద పరుచుకుని ఉంది. భార్య అంచు దాకా వెళ్లి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

“అదిగో, ఆ మెలికల రోడ్డు. అటు నేను వందసార్లు బండి పంపి ఉంటాను. ఇలా ఉంటుందని ఒక్కడూ చెప్పలేదు.”

“అక్కా, మేం రోడ్డు చూసుకోవాలా, లోయ చూసుకోవాలా?” అన్నాడు నైట్ డ్రైవరు.

ఆవిడ నవ్వుతూ వచ్చి, పడి ఉన్న ఒక మాను మీద కూర్చుంది. ఆ మాను కింది వైపు తొర్ర ఉంది. అది ఎవరూ చూడలేదు. ఉదయం నుంచీ ఆకాశంలోని ఈగలన్నిటినీ లెక్కపెట్టిన మాస్టారు కూడా నేల వైపు చూడలేదు.

“కుట్టింది,” అంది ఆవిడ. బండి నంబరు చెప్పినంత మామూలుగా. మరుక్షణం ఇంకోటి కుట్టడంతో మణికట్టు పట్టుకుంది. నైట్ డ్రైవరు ఆవిడను రెండు చేతులతో ఎత్తి, ఇరవై గజాల అవతల దారి పక్కన పడుకోబెట్టాడు. ఎవరో కాళ్ల కింద సంచులు పేర్చారు. అప్పటికే పెదవి ఒక పక్క ఉబ్బుతోంది.

“మందు తియ్యి బావా,” అని అరిచాడు నైట్ డ్రైవరు.

మాస్టారు మోకాళ్ల మీద కూలబడి సంచి పట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు జిప్పులు తెరిచిన వేళ్లు. ఇప్పుడు ఆ వేళ్లు ఆయనవి కావు. కొక్కెం నొక్కితే జారింది. మళ్లీ నొక్కితే గోరు విరిగింది. మూడోసారి చెమటకు చెయ్యి మొత్తం జారిపోయింది. రన్నరును రింగు దగ్గరే పట్టుకుని లాగాడు. అది బిగుసుకుంది. బిగుసుకోవడానికే ఆయన దాన్ని ఎంచుకున్నాడు.

అంతలో ఈల మొదలైంది. సన్నగా, ఆవిడ గొంతులోంచి.

“తప్పుకో, నేను తీస్తా,” అని నైట్ డ్రైవరు వంగాడు. ఆయన వేలు ఆ కొక్కెం కంటే నాలుగింతలుంది. లాగితే సంచితోపాటు మనిషే లేచింది. జిప్పు చెక్కుచెదరలేదు. అంత గట్టి పని చేసిన చేతులను మాస్టారు అక్కడికక్కడే నరుక్కోవాలనుకున్నాడు.

ఇంత కంగారులోనూ ఆయన బుర్రలో ఒక మూల ఒక సంగతి మెదిలింది. జిప్పులు బాగుచేసేవాళ్లు దాన్ని గిరాకీలకు చెప్పరు, చెబితే రేపటి నుంచి ఎవరూ సూట్‌కేసుకు తాళం వెయ్యరు. సన్న పళ్ల జిప్పుకు రన్నరుతో పనిలేదు. మొన ఉన్నదేదైనా పళ్ల మధ్య గుచ్చితే చాలు, నడిమికి విచ్చుకుంటుంది. దానికి నేర్పున్న వేళ్లు అక్కర్లేదు. ఒక దొంగ చెయ్యి చాలు.

ఆయన క్యాషియరమ్మ చెవి మీది పెన్ను లాక్కున్నాడు. దాంతోపాటు రెండు వెంట్రుకలు కూడా వచ్చాయి. పెన్నును పిడికిలిలో కత్తిలా పట్టుకుని జిప్పులో పొడిచాడు. మొదటి పోటు పక్కకు పోయింది. రెండోది దిగింది. పళ్లు టపటపా విడిపోయాయి. రెండు బొటనవేళ్లు దూర్చి చీల్చేశాడు. ఇన్నేళ్లలో ఆయన చేతులతో చంపిన మొదటి జిప్పు అది.

ఇంజెక్షన్ చేతికి వచ్చింది. మూత తియ్యాలని తెలుసు. ఎలా తియ్యాలో తెలియలేదు. భార్య చెయ్యి చాచి ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. తనే మూత పీకి, ప్యాంటు మీంచే తొడ పక్కన ఆనించి నొక్కి, కళ్లు మూసుకుని లెక్కపెట్టుకుంది.

ఆ తరువాతి నిమిషాలు ఎంత పొడవైనవంటే, ఆ మధ్యలో మాస్టారుకు మీసం నెరిసిందని నైట్ డ్రైవరు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. క్యాషియరమ్మ ఫోనులో అంబులెన్సును పిలిచి, ఏ దారిన రావాలో చెప్పలేక తడబడుతోంది. ఈల కొంచెం సన్నబడింది. మరికొంచెం. ఇంతలో నేల మీంచి బొంగురు గొంతు ఒకటి వినపడింది.

“వంతెన మీంచి వద్దని చెప్పు. అక్కడ పని జరుగుతోంది. కింది రోడ్డున వచ్చి, చెక్‌పోస్టు దగ్గర ఎడమకు.”

కంట్రోలక్క పడుకున్నచోటి నుంచే బండి పిలిపించుకుంది. మాస్టారు అప్పుడు ఏడ్చాడు.

ఆసుపత్రిలో మర్నాటి దాకా ఉంచి పంపేశారు. ఇంటికి వచ్చాక మాస్టారు తొమ్మిది రోజులు కొట్టు తియ్యలేదు. చీరుకుపోయిన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. జిప్పు చప్పుడు వింటే చెవులు మూసుకునేవాడు. పదో రోజు ఉదయం భార్య చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

“పదండి. ఇంకో సంచి కొందాం. వచ్చే నెల మిగిలిన సగం కొండ ఎక్కుతున్నారు.”

“నేను తెరవలేకపోయాను,” అన్నాడు మాస్టారు. తొమ్మిది రోజుల్లో ఆ సంగతి ఆయన నోట రావడం అదే మొదలు. “అందరికంటే బాగా తెరిచేవాణ్ణి నేను. నేనే.”

“చూశాను. దుకాణంలో భయం లేకుండా చూసుకున్నారు. నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, కళ్లు మూసుకుని జిప్పును వీణలా వాయించారు. కొండ మీద ఆ మనిషి లేడుగా.” ఆవిడ వచ్చి ఆయన ఒళ్లోని సంచి తీసి పక్కన పెట్టింది. “ఇవాళ ఆ వాయించే మనిషి నాకొద్దు. వణికే మనిషి కావాలి.”

మాస్టారుకు అర్థం కాలేదు. దుకాణంలో అర్థమైంది. సేల్స్‌మన్ మొదటి సంచి బల్ల మీద పెట్టగానే భార్య వెంట తెచ్చిన రెండు పెన్నుల ఖాళీ పెట్టెలు అందులో పెట్టి, దాన్ని నడుముకు కట్టుకుని, ఫోనులో సెకన్లు లెక్కపెట్టే గడియారం తీసి సేల్స్‌మన్ చేతికిచ్చింది. తరువాత బల్ల పట్టుకుని వంగి, గొంతు బిగించి, ఆ ఈల వేసింది. అచ్చం అదే ఈల. వేస్తూ నేల మీదికి జారింది.

సేల్స్‌మన్ నీళ్ల కోసం పరిగెత్తబోయాడు. “లెక్కపెట్టు,” అని కిందనుంచి కసిరింది.

నటన అని మాస్టారుకు తెలుసు. ఆయన వేళ్లకు తెలియదు. అవి అప్పుడే చెమట పట్టి, కట్టెపుల్లల్లా అయిపోయాయి. జిప్పు నాలిక దొరకడానికే చాలాసేపు పట్టింది.

“పంతొమ్మిది సెకన్లు,” అన్నాడు సేల్స్‌మన్ పాలిపోయి.

“పక్కన పడెయ్. ఇంకోటి.”

రెండోదానికి రెండు బటన్లు. పధ్నాలుగు. మూడోదాని మూత ఎటు నుంచి తెరుచుకుంటుందో వేళ్లకు గుర్తు రాలేదు. ఇరవై రెండు. దుకాణంలో మిగతా జనం చుట్టూ మూగారు. ఒకావిడ అంబులెన్సుకు ఫోను చేస్తుంటే సేల్స్‌మన్ ఆపి, “కొంటున్నారండీ, అంతే,” అని సర్దిచెప్పాడు.

నాలుగోది ఎర్ర సంచి. ముందు భాగమంతా ఒకే పలక, పైన బొటనవేలు దూరేంత లావుపాటి పట్టీ. పట్టీలో వేలు పెట్టి లాగితే పలక మొత్తం పుస్తకంలా ముందుకు పడిపోతుంది. కొండ ఎక్కకముందటి మాస్టారైతే ఇంత సులువుగా తెరుచుకునేదాన్ని చేత్తో కూడా ముట్టుకునేవాడు కాదు. ఈల మొదలైంది. వణికే బొటనవేలు పట్టీలో ఎలాగో దూరింది, లాగింది, సంచి నోరు తెరిచింది. లోపల సాగే పట్టీల కింద రెండు పెన్నుల ఖాళీ పెట్టెలు, కదలకుండా.

“నాలుగు,” అన్నాడు సేల్స్‌మన్. చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు.

భార్య లేచి మోకాళ్లు దులుపుకుంది. “హమ్మయ్య. ప్యాక్ చెయ్యి బాబూ.”

“ఆగు,” అన్నాడు మాస్టారు. మొహం తెల్లగా పాలిపోయి ఉంది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. “ఇది లెక్కలోకి రాదు. చివర్లో నువ్వు నవ్వావు. నవ్వితే నాకు భయం తగ్గింది.”

“కొంచెమేగా.”

“కొంచెమైనా. మళ్లీ పడు. సరిగ్గా పడు.”

సేల్స్‌మన్ గడియారాన్ని మళ్లీ సున్నాకు తెచ్చాడు. ఆవిడ బల్ల అంచు పట్టుకుంది, గొంతు బిగించింది, ఈసారి కళ్లు కూడా పైకి తేలేసింది. ఇదంతా తనే అడిగి చేయించుకుంటున్నానని మాస్టారుకు బాగా తెలుసు. అయినా ఆవిడ మోకాళ్లు వంగేసరికి ఆయన పై ప్రాణాలు పైకే పోయాయి. అలాగే వంగాడు, పట్టీ కోసం వెతుకుతూ.